ఒకరు ఎక్కువ పడే మెట్లు

ఆ మెట్ల మీద ఫోటో తీస్తే ఒకరు ఎక్కువ పడతారని ఊరంతా చెప్పుకుంటుంది.

ఎక్కువ పడటమంటే ఏమిటంటారా? మీరు పదిమంది కూర్చున్నారనుకోండి, ఫోటోలో పదకొండు తలలుంటాయి. ఆ పదకొండో తల ఎవరిదో ఆ పదిమందిలో ఒక్కరికీ తెలీదు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ‘పెళ్ళికూతురి తాలూకు కాబోలు’ అనుకుంటారు. పెళ్ళికూతురి తరఫువాళ్ళు ‘అటు తాలూకేమోలే’ అనుకుంటారు. ఎప్పుడో ఆల్బం వచ్చి, రెండిళ్ళవాళ్ళూ ఒకచోట కూర్చుని చూసినప్పుడు తేలుతుంది... ఆవిడ ఎవరి తాలూకూ కాదని.

అది ఒకప్పుడు సినిమా హాలు. ఇప్పుడు ఫంక్షన్ హాలు. టికెట్లు చింపిచ్చిన కిటికీ వెనకాల ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు పేర్చి ఉంటాయి. గోడలకి కొత్త రంగేశారు, ఏసీలు పెట్టారు. పై హాల్లోంచి కిందికి దిగే ఆ మెట్లని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. వెడల్పాటి మెట్లు, మధ్యలో ఒక మలుపు, మలుపు దగ్గర పసుప్పచ్చగా మిణుకుమనే ఒకే ఒక్క బల్బు. పెద్ద లైటు ఎన్నిసార్లు పెట్టినా మాడిపోతుందట.

“ఆవిడకి వెలుతురు పడదండీ” అంటాడు హాలు మేనేజరు.

ఆవిడెవరంటే... ఏదో పెద్ద కుటుంబంలో ఒక మేనత్తట. ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా ‘నీ చెయ్యి వణకదు, నువ్వే తియ్యి’ అని కెమెరా తెచ్చి ఆవిడ చేతిలో పెట్టేవాళ్ళట. తీసీ తీసీ, తను మాత్రం ఒక్క ఫోటోలోనూ పడకుండానే పోయిందట పాపం. బతికున్నన్నాళ్ళూ ఒక్కదాన్లో పడలేదు, పోయాక ఒక్కటీ వదలడం లేదు! ఈ ముక్క చెప్పేటప్పుడు మేనేజరు గొంతు బాగా తగ్గిస్తాడు. హాలు అద్దె మాత్రం తగ్గించడు.

మన పళ్ళ డాక్టరమ్మకి ఈ కథ తెలియక కాదు. తల్లి ఎనభయ్యో పుట్టినరోజుకి హాలు మాట్లాడింది ఆవిడ బావగారు. ఆయన ఎవరి మాటా వినే రకం కాదు. “దెయ్యమా, నా మొహమా!” అనేసి హాలు ఖాయం చేసేశాడు.

డాక్టరమ్మ సంగతి కొంచెం చెప్పాలి. ఆవిడకి కెమెరా అంటే ప్రాణం. ఫోన్లో తీస్తే ఒప్పుకోదు, మెడలో పెద్ద కెమెరా వేలాడాల్సిందే. పిల్లల్ని తీయాలంటే నేల మీద బోర్లా పడుకుంటుంది, వాళ్ళ కళ్ళ ఎత్తులోంచి తీస్తేనే మొహం మొహంలా ఉంటుందని. కిటికీకి వీపు పెట్టి నిలబడ్డవాళ్ళని భుజాలు పట్టి వెలుతురు వైపు తిప్పుతుంది. అన్నీ తెలుసు... కానీ ఆవిడ తీసిన ఫోటోల్లో ఒక్కరంటే ఒక్కరు నవ్వరు.

పళ్ళ డాక్టరు ‘నవ్వండి’ అంటే నవ్వేదెవరండీ? వాళ్ళక్క పెదాలు బిగించేస్తుంది. బావ మూతికి చెయ్యి అడ్డం పెట్టేసుకుంటాడు. ఒకసారి ఖర్మకాలి ఆయన నవ్వితే, ఆవిడ కెమెరా దించి “బావగారూ, ఆ ఎడమ దవడ పన్ను... రేపొకసారి క్లినిక్కి రండి” అంది, నలుగురి ముందూ. అప్పట్నుంచీ ఆ ఇంటి పెళ్ళి ఫోటోలు కూడా పరామర్శకి వెళ్ళొచ్చినట్టే ఉంటాయి.

అదంతా నవ్వులాటే. నవ్వులాట కానిది ఇంకొకటుంది.

ఏడాదిగా అమ్మ మనుషుల్ని మర్చిపోతోంది. అందుకని అక్క కూతురు కష్టపడి ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ ఏరి, అమ్మమ్మ కోసం పెద్ద ఆల్బం తయారు చేసింది. అమ్మ పొద్దున్నే దాన్ని ఒళ్ళో పెట్టుకుని, వేలితో ఒక్కొక్క మొహమే తడుముతుంది. “ఇది మా పెద్దది. ఇతను అల్లుడు, మూతెప్పుడూ ఇంతే. ఇది మనవరాలు.” ఆల్బంలో ఉన్నవాళ్ళంతా అమ్మకి ఉన్నారు. లేనివాళ్ళు... లేరు.

డాక్టరమ్మ లేదు.

ఎలా ఉంటుంది? అవన్నీ తీసింది తనేగా! ఇల్లంతా గాలిస్తే ఒక్కటి దొరికింది, ఎవరి చంకలోనో గుక్కపట్టి ఏడుస్తున్న చంటిపిల్ల. ఆ చంటిపిల్లకీ ఈ తెల్లకోటు మనిషికీ అమ్మ లంకె వేసుకోలేకపోతోంది.

అందుకే అమ్మ ఆవిడని ‘మీరు’ అంటోంది. “రండి డాక్టరుగారూ, కూర్చోండి. మా పెద్దది కాఫీ తెస్తుంది” అని, చూడమన్నట్టు మర్యాదగా నోరు తెరుస్తుంది. డాక్టరమ్మ చూస్తుంది. “బాగున్నాయమ్మా” అంటుంది. తరవాత బాత్రూంలోకి వెళ్ళి, కుళాయి పెద్దగా తిప్పి ఏడుస్తుంది. కన్నతల్లి నోట ‘మీరు’ అనిపించుకోవడం... ఆ మర్యాద పగవాడికి కూడా వద్దు.

“పిన్నీ, ఈ పుట్టినరోజున నువ్వు అమ్మమ్మ పక్కన ఒక్క ఫోటోలో పడితే చాలు. అది ఆల్బంలో మొదటి పేజీలో పెడతా” అంది అక్క కూతురు. అందుకోసమే బయట నుంచి ఒక ఫోటోగ్రాఫర్ని కూడా మాట్లాడారు.

అయితే పళ్ళ నొప్పికి పుట్టినరోజులు పట్టవు కదా. సరిగ్గా బయల్దేరే వేళకి ఎవరో దవడ పట్టుకుని క్లినిక్కి వచ్చిపడ్డారు. ఆ పన్ను పీకి, కోటు విప్పడం కూడా మర్చిపోయి, కెమెరా సంచీ తగిలించుకుని ఆవిడ హాలుకి వచ్చేసరికి చీకటి పడింది. కేకు అయిపోయింది. భోజనాలు అయిపోయాయి. సగం చుట్టాలు వెళ్ళిపోయారు.

అమ్మ అలిసిపోయింది. “ఇంటికి పోదాం” అని మెట్లు దిగుతూ, దిగుతూ... సరిగ్గా ఆ మలుపు దగ్గర, ఆ పసుప్పచ్చ బల్బు కింద చతికిలబడింది.

“అమ్మా, ఇక్కడ కాదే!” అక్క కంగారుపడింది.

“ఇక్కడ చల్లగా ఉంది. నేను లేవను” అంది అమ్మ. లేవనంటే లేవదు, అది అందరికీ తెలుసు.

డాక్టరమ్మ మెట్ల కింద నిలబడి పైకి చూసింది. తీస్తే ఇక్కడే తీయాలి, ఇప్పుడే తీయాలి. ఇంటికెళ్ళాక అమ్మ నిద్రపోతుంది. ఇంకో పుట్టినరోజు నాటికి ఆ పెద్దది, ఆ అల్లుడు కూడా గుర్తుంటారో లేదో!

“ఫోటోగ్రాఫర్‌గారూ, ఇక్కడే కానిచ్చేద్దాం” అంది.

అతను బల్బు వంక చూశాడు. మెట్ల వంక చూశాడు. చప్పుడు చేయకుండా కెమెరాకి మూత పెట్టేశాడు.

“నేను తియ్యనమ్మా...”

“ఏం?”

“పోయినసారి తీశాను...” గొంతు గుసగుసలోకి దిగింది. “వాళ్ళు ఇప్పటికీ ఫోన్ చేస్తున్నారు. ఆ వెనకాల ఉన్నావిడ ఎవరూ... అని.”

అంతే. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే మాయమయ్యాడు. దెయ్యాలు కూడా అంత నున్నగా మాయమవవు. మేనేజర్ని కాస్త బటన్ నొక్కిపెట్టమంటే, అతను రెండు చేతులూ జేబుల్లో దాచేసుకున్నాడు.

ఇక మిగిలింది టైమరు. కెమెరాని స్టాండు మీద పెట్టి, బటన్ నొక్కి, పరిగెత్తుకెళ్ళి తనూ నిలబడటం. డాక్టరమ్మ మెట్ల కింద స్టాండు విప్పింది.

“అందరూ అమ్మ చుట్టూ రండి. కాస్త దగ్గరగా జరగండి!”

ఇన్నేళ్ళుగా ఈ మాట అరిచి అరిచి ఆవిడ గొంతు పోయింది గానీ, ఆ చుట్టాలు ఒకరికొకరు బస్సు పట్టేంత ఖాళీ వదిలే నిలబడేవాళ్ళు. ఇవాళ చూడాలి! చివర కూర్చోడానికి ఒక్కరూ సిద్ధంగా లేరు. వెనక వరసకైతే అసలే రారు. ఎక్కువ పడేది వెనకేనట కదా. అందరూ మధ్యలోకి తోసుకుని తోసుకుని, ఒకరి ఒళ్ళో ఒకరు ఇరుక్కుని ముద్దలా తయారయ్యారు. ఏళ్ళుగా మాటల్లేని తోడికోడళ్ళిద్దరు చేతులు గట్టిగా పట్టేసుకున్నారు.

“నేను ఇవన్నీ నమ్మను” అన్నాడు బావ. “నమ్మను గానీ, వెనక మెట్టెక్కాలంటే నాకు మోకాలు నొప్పి.” అని అత్తగారి కాళ్ళ దగ్గర సర్దుకున్నాడు.

“అమ్మ వెనక మెట్టు ఖాళీగా ఉంచండి. అది నాది” అంది డాక్టరమ్మ.

“నీకేనంటావా...” అన్నాడు బావ సన్నగా. అక్క మోచేత్తో పొడిచింది.

డాక్టరమ్మ వంగి, కెమెరా అమ్మ కళ్ళ ఎత్తుకి వచ్చేదాకా స్టాండు లేపింది. కెమెరాలోంచి చూస్తే బావ నెత్తిన మెట్ల పక్క ఇనప కమ్మీ కొమ్ములా మొలిచింది. దెయ్యం సంగతి తరవాత, ముందు ఆ కొమ్ము పోవాలి. స్టాండు ఒక అడుగు పక్కకి జరిపింది. వెలుతురు చాలదు, అందుకని చీకట్లో తీసే పద్ధతికి చక్రం తిప్పింది. ఫ్లాష్ కూడా పెట్టింది.

అప్పుడు... బల్బు ఒక్కసారి మిణుక్కుమంది.

అందరూ ఊపిరి బిగబట్టారు. పై హాల్లో కుర్చీ ఈడ్చిన చప్పుడు. పైన ఎవరూ లేరు మరి. డాక్టరమ్మ మెడ మీద చల్లగా గాలి తగిలింది.

“అమ్మా...” వెనకనుంచి మేనేజరు గుసగుస. “నొక్కాక వెనక్కి మాత్రం చూడకండి.”

“మీరు కాస్త నోరు మూసుకుంటారా!” అంది. జీవితంలో మొదటిసారి ఒక మనిషిని నోరు మూసుకోమంది ఆ డాక్టరు. కానీ టైమరు ఎక్కువసేపటికి పెట్టాల్సింది, తడబాటులో తక్కువకి తిప్పింది. చూసుకోలేదు.

నొక్కింది.

బీప్...

పరుగు! తెల్లకోటు గాలికి ఎగురుతోంది. జుట్టు క్లిప్పు ఊడి ఎక్కడో పడింది. ఒక చెప్పు రెండో మెట్టు మీదే ఉండిపోయింది. పళ్ళు చూసే చిన్న అద్దం కోటు జేబులోంచి ఎగిరి టింగుమంటూ మెట్లు దిగిపోయింది. అంత గంభీరమైన మనిషి, ఎవరి నోట్లోనైనా చెయ్యి పెట్టి పన్ను పీకేసే మనిషి, కమ్మీ పట్టుకుని కుంటుతూ గెంతుతూ వస్తుంటే... ముందు బావకి ఆగలేదు. భళ్ళున నవ్వేశాడు. తరవాత అక్క. తరవాత ఆ ముద్ద మొత్తం.

ఫ్లాష్!

డాక్టరమ్మ ఇంకా అమ్మ దాకా రానేలేదు, ఓ పక్కన కెమెరాకి అందని చోటే ఉంది.

అయిపోయింది... అనుకుంది. మళ్ళీ అందరూ పడ్డారు, మళ్ళీ తను లేదు. కాళ్ళు మాత్రం ఆగలేదు, ఆ వెనక మెట్టెక్కి, అమ్మ భుజం మీద చెయ్యేసి నిలబడిపోయింది. రొప్పు తగ్గడం లేదు. ఎక్కడో టిక్కుమని చిన్న చప్పుడైంది గానీ, నవ్వుల్లో ఎవరూ పట్టించుకోలేదు.

అమ్మ తల తిప్పి పైకి చూసింది. “ఏమండీ డాక్టరుగారూ, అంత ఆయాసమేంటి? కూర్చోండి పాపం.”

డాక్టరమ్మ “ఇంకోటి తీద్దాం, ఎవరూ కదలకండి” అని చెప్పి కిందికి దిగబోయింది.

అప్పటికే అక్క కూతురు కెమెరా దగ్గరుంది. వెనకున్న తెర వంక చూస్తోంది. నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

“పిన్నీ...” అంది. “ఒకరు... ఎక్కువ పడ్డారు.”

కెమెరా తెచ్చి అందరి మధ్యా పట్టుకుంది. చూశారు. అందరూ చక్కగా పడ్డారు. భయంతో అందరి కళ్ళూ విప్పారి ఉన్నాయి, నవ్వుతో అందరి నోళ్ళూ తెరిచి ఉన్నాయి. ఆ ఇంట్లో అలాంటి ఫోటో ఇంతవరకూ లేదు. కానీ... అమ్మ వెనకాల, ఖాళీ మెట్టు మీద...

తెల్లగా ఒక మనిషి.

మనిషిలోంచి వెనకున్న గోడ కనిపిస్తోంది. జుట్టు పొగలా విరబోసుకుని ఉంది. మొహం చెరిపేసిన బొమ్మలా ఉంది. ఒక్క చెయ్యి మాత్రం కాస్త స్పష్టంగా ఉంది. ఆ చెయ్యి అమ్మ భుజం మీదుంది.

“కాళ్ళు చూడండే, కాళ్ళు చూడండి!” అంది అక్క.

“కాళ్ళు లేవు!” అన్నాడు బావ. “నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నా, ఈ హాలు వద్దని!”

మేనేజరు నాలుగు మెట్లెక్కి, మెడ సాచి చూసి, “ఆవిడే... అచ్చంగా ఆవిడే” అన్నాడు, ఆవిడ పెట్టిన అన్నం తిని పెరిగినవాడిలా.

ఎవరో కెవ్వుమన్నారు. అది చెల్లెలేనని అక్క, కాదు బావేనని చెల్లెలు, ఇప్పటికీ వాదించుకుంటారు. డాక్టరమ్మకి నిజంగానే ఒళ్ళు చల్లబడింది. తనని తాను ఎక్కడ చూసుకుంది కనక? అద్దంలో చూసుకుంటుంది, అదీ నిలబడి, తల దువ్వుకుని. తను పరిగెత్తుకొస్తే ఎలా ఉంటుందో ఆవిడకేం తెలుసు!

“ఏంటా గోల? ఇటివ్వండి” అంది అమ్మ.

“వద్దమ్మా, నువ్వు చూడకు.”

“పుట్టినరోజు నాదా, మీదా?” లాక్కుంది. కళ్ళజోడు సర్దుకుంది. అలవాటు ప్రకారం వేలు తెర మీద పెట్టింది.

“ఇది మా పెద్దది... ఇది మనవరాలు... ఇతను అల్లుడు. అరె, ఇతనికి పళ్ళున్నాయే!”

వేలు మెల్లిగా పైకి జరిగింది. ఆ తెల్లటి దాని మీదికి వచ్చి ఆగింది.

ఎవరూ కదల్లేదు. బల్బు కూడా మిణుకుమనడం మానేసింది.

అమ్మ తెరని ముక్కు దాకా తెచ్చుకుంది. అటు వంచి చూసింది, ఇటు వంచి చూసింది. తరవాత మొహమంతా విప్పారింది.

“దెయ్యమేంటే, మీ మొహాలు మండా! ఇది మా పిడుగు.”

“పిడుగేంటమ్మమ్మా?” అంది మనవరాలు గుసగుసగా.

“మా చిన్నది. ఒక్కచోట నిలబడితేగా! వీధి చివర నుంచి ఇలాగే జుట్టు విరబోసుకుని ఊడిపడేది. వెనకనుంచి వచ్చి ఇదిగో, ఇలా భుజం పట్టుకునేది. ఈ చెయ్యి నాకు తెలీదూ?”

అక్క కూతురు తెర వంక చూసింది. పిన్ని వంక చూసింది. “పిన్నీ... నీ కోటు!”

అప్పుడు వెలిగింది డాక్టరమ్మకి. చీకటి కదా, అందుకని కెమెరా చాలాసేపు కన్ను తెరిచే ఉంచింది. ఫ్లాష్ పడగానే కూర్చున్నవాళ్ళంతా గట్టిగా అచ్చుపడిపోయారు, కన్ను మాత్రం మూసుకోలేదు. ఆ మెట్టు కాసేపు ఖాళీగా ఉంది, కాసేపు తనుంది. అందుకే సగం గోడ, సగం మనిషి. టిక్కుమన్నది కన్ను మూసుకున్న చప్పుడు. ఇన్నేళ్ళూ ఆ మెట్ల మీద ఎక్కువ పడినవాళ్ళు కూడా అంతే, వేళకి అందుకోలేక ఆఖర్న పరిగెత్తుకొచ్చినవాళ్ళే అయ్యుంటారు.

“నేను అప్పుడే అనుకున్నా” అన్నాడు బావ. మేనేజరు మొహం మాత్రం వాడిపోయింది.

డాక్టరమ్మకి ఇవేవీ వినిపించడం లేదు. అమ్మ ఎదురుగా మెట్టు మీద కూలబడింది. అమ్మ తెరలోకి చూస్తోంది, తల ఎత్తి తనని చూస్తోంది, మళ్ళీ తెరలోకి చూస్తోంది. చెదిరిన జుట్టు, తెల్లకోటు, చెప్పులేని కాలు... అన్నీ ఒక్కొక్కటే చూసింది. తన భుజం తడుముకుంది. చెయ్యి చాచి, కూతురి చెయ్యి పట్టుకుని, తిప్పి తిప్పి చూసింది.

ఇప్పుడు ‘కూర్చోండి డాక్టరుగారూ’ అంటుందేమోనని డాక్టరమ్మ భయం.

అమ్మ కళ్ళజోడు తీసేసింది. కళ్ళనిండా నీళ్ళు, గొంతునిండా కోపం.

“ఏమే! ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావే?”